అలర్జీ టెస్టుల్లో ఏది డబ్బుకు తగ్గది?

హైదరాబాద్, విజయవాడ, విశాఖ ల్యాబుల్లో "అలర్జీ టెస్ట్" అని అడిగితే మూడు వేర్వేరు సరుకుల్లో ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఒకటి, ముంజేతి మీద సూదిమొనతో చేసే స్కిన్ ప్రిక్ టెస్ట్. రెండోది, రక్తంలో ఐజీఈ (అలర్జీని రగిలించే యాంటీబాడీ) కొలిచేది. మూడోది, "ఫుడ్ ఇన్‌టాలరెన్స్" పేరుతో రెండు వందల పైచిలుకు తిండి పదార్థాల చిట్టా ఇచ్చే ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) ప్యానెల్. పేరు ఒకటే అయినా ఇవి కొలిచేవి ఒకటి కావు. రిపోర్టులో పేర్లు ఎంత ఎక్కువుంటే టెస్టు అంత గొప్పదనుకోవడం దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఒంట్లో జరిగేదేమిటో తెలిస్తే ఏ టెస్టు ఎక్కడ ఆగిపోతుందో అర్థమవుతుంది. చర్మంలో, ముక్కు పొరలో, పేగు గోడలో మాస్ట్ కణాలుంటాయి. ఇవి అందరికీ ఉండేవే. తేడా అంతా వాటి మీద అతుక్కున్న ఐజీఈ యాంటీబాడీల్లో ఉంది. దుమ్ములో ఉండే డస్ట్ మైట్ పడనివాళ్లలో, ఆ మైట్ ప్రోటీన్‌ని గుర్తుపట్టే ఐజీఈ ఈ కణాల మీద కాపు కాస్తుంటుంది. ఆ ప్రోటీన్ వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుందంటే నిమిషాల్లో కణం తన మూటలు విప్పేస్తుంది. వాటిలో ముఖ్యమైన సరుకు హిస్టమిన్. దాని దెబ్బకు సన్నటి రక్తనాళాల గోడల్లో సందులు పడి నీరు ఊరి చర్మం దద్దుగా లేస్తుంది. నరాల కొసలు రెచ్చి చుట్టూ ఎర్రబడుతుంది, దురద మొదలవుతుంది. హిస్టమిన్ ఏం చేస్తుందో ఇంగ్లండ్‌లో హెన్రీ డేల్, పాట్రిక్ లెయిడ్‌లా 1910లోనే వివరించారు. దాన్ని విడుదల చేయించే ఐజీఈ మాత్రం 1966-67లో గానీ బయటపడలేదు. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెనిచ్ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు.

స్కిన్ ప్రిక్ టెస్ట్ ఈ తతంగాన్నంతా ముంజేతి మీద చిన్న ఎత్తున నడిపించి చూపిస్తుంది. రక్తపరీక్ష ఐజీఈ ఎంతుందో చెబుతుంది గానీ అది మాస్ట్ కణాన్ని కదిలించగలదో లేదో చెప్పదు. ఐజీజీ ప్యానెల్‌కి ఈ కథతో సంబంధమే లేదు.

ప్రిక్ టెస్ట్ సరిగ్గా చేసే చోట పని ఇలా సాగుతుంది. ముంజేతి లోపలివైపు స్పిరిట్‌తో తుడిచి ఆరనిస్తారు. పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో పదార్థపు ఎక్స్‌ట్రాక్ట్ (సారం) చుక్క వేస్తారు. చుక్కకీ చుక్కకీ కనీసం 2 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. మణికట్టుకీ మోచేతి మడతకీ మరీ దగ్గరగా వేయకూడదు. 1 మిల్లీమీటర్ మొన ఉన్న లాన్సెట్‌ని చుక్కలోంచి చర్మానికి గుచ్చి ఒక్క క్షణం ఉంచి తీస్తారు. రక్తం రాకూడదు. తర్వాత టిష్యూతో అద్దాలి, రుద్దకూడదు. 15 నుంచి 20 నిమిషాలకు దద్దు అంచుల చుట్టూ పెన్నుతో గీసి, పొడవుగా ఒక కొలత, దానికి అడ్డంగా ఒక కొలత తీసుకుని సగటు కడతారు. పోలిక కోసం వేసే సెలైన్ (ఉప్పునీటి) చుక్క దగ్గర వచ్చినదానికన్నా 3 మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటే పాజిటివ్. ఎర్రదనం ఎంత పరుచుకున్నా లెక్క దద్దుదే.

ఈ టెస్టుకి మేం పెద్దపీట వేయడానికి అసలు కారణం పోలిక కోసం వేసే రెండు అదనపు చుక్కలు. ఒకటి మామూలు సెలైన్, రెండోది హిస్టమిన్, సాధారణంగా మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల బలంతో. హిస్టమిన్ దగ్గర దద్దు లేవలేదంటే చర్మం స్పందించే స్థితిలో లేదన్నమాట. అప్పుడు మిగతా చుక్కలన్నీ నెగటివ్ వచ్చినా ఆ రిపోర్టుకి విలువ లేదు. సెలైన్ దగ్గరే దద్దు లేచిందంటే గీస్తే చాలు పొంగే చర్మమని అర్థం, అప్పుడు పాజిటివ్‌లను నమ్మలేం. తన తప్పు తానే పట్టుకునే ఏర్పాటు టెస్టులోనే ఉంది. అందుకే రిపోర్టు చేతికి రాగానే ముందు చూడాల్సినవి ఈ రెండు వరుసలు. మిల్లీమీటర్లలో అంకెలు లేకుండా ప్లస్ గుర్తులు మాత్రమే వేసి ఇస్తే కొలతలు రాసివ్వమని అడగండి. హిస్టమిన్ వరుసే లేకపోతే ఆ టెస్టుకి డబ్బు కట్టడం దండగ.

పొరపాట్లు జరిగే తావులు కొన్నే, కానీ అవే మళ్లీ మళ్లీ జరుగుతాయి. ఒకే లాన్సెట్‌ని దూదితో తుడిచి అన్ని చుక్కలకీ వాడటం అందులో మొదటిది. ముందు గుచ్చినదాని శేషం తర్వాతి చోటుకి చేరి వరుసగా పాజిటివ్‌లు వస్తాయి. లోతుగా గుచ్చి రక్తం తెప్పించినా అంతే. ఎక్స్‌ట్రాక్ట్ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉండాలి. పొద్దంతా బల్ల మీద పెట్టి వాడే చోట బలం తగ్గి, ఉన్న అలర్జీ కూడా కనబడకుండా పోతుంది. పైగా మన దగ్గర దొరికే ఎక్స్‌ట్రాక్టుల్లో చాలావాటి బలాన్ని ఎంత పొడికి ఎంత ద్రవం అన్న నిష్పత్తిలోనే చెబుతారు, అసలు అలర్జీ ప్రోటీన్ ఎంతుందో చెప్పరు. బ్యాచ్ మారితే దద్దు సైజూ మారొచ్చు. పోయినేటి రిపోర్టుతో ఈ ఏటిది పోల్చి "అలర్జీ పెరిగింది" అనడం అందుకే కుదరదు.

చర్మం లోపలికి ఇంజెక్షన్‌లా ఎక్కించే ఇంట్రాడెర్మల్ పద్ధతి ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. తిండి అలర్జీలకు అది చేయకూడదు. తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ, ఒళ్లంతా రియాక్షన్ వచ్చే ప్రమాదమూ ఎక్కువ.

టెస్టుకు ముందు మందులు ఆపడం దగ్గర ల్యాబులు చెప్పేది అరకొర. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, ఫెక్సోఫెనాడిన్, బిలాస్టిన్ లాంటి యాంటీహిస్టమిన్లు (హిస్టమిన్‌ని అడ్డుకునే మందులు) వారం ముందు ఆపాలి. చిక్కంతా పేరు చెప్పకుండా ఒంట్లోకి వచ్చే యాంటీహిస్టమిన్లతోనే. జలుబు మాత్రలో క్లోర్‌ఫెనిరమిన్, దగ్గు సిరప్‌లో డైఫెన్‌హైడ్రమిన్, మాంటెలుకాస్ట్ మాత్రలో కలిపిన లెవోసెట్రిజిన్, పిల్లలకు ఆకలి పుట్టడానికి పట్టే టానిక్‌లో సైప్రోహెప్టాడిన్ అన్నీ ఈ కోవలోవే. నిద్రకో నరాల నొప్పికో వాడే ఎమిట్రిప్టిలిన్ కూడా దద్దుని అణిచేస్తుంది. కానీ దాన్ని రాసిన డాక్టర్‌ని అడక్కుండా ఆపకూడదు. ఉత్త మాంటెలుకాస్ట్, ముక్కు స్ప్రేలు, ఆస్తమా ఇన్హేలర్లు ఆపనక్కర్లేదు. ఇన్హేలర్ ఆపేసి రమ్మని చెప్పే చోటికి వెళ్లకపోవడమే మేలు. టెస్టు చేసే చోట స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తుంటే రెండు మూడు వారాల ముందే మానాలి. ఇంకో సంగతి. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్‌లను నెలల తరబడి రోజూ వాడి ఆపినవాళ్లలో అరుదుగా ఒళ్లంతా విపరీతమైన దురద రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 మేలో హెచ్చరించింది. టెస్టు కోసం ఆపినప్పుడు అలా వస్తే అది పాత అలర్జీ తిరగబెట్టిందనుకుని హడలిపోనక్కర్లేదు, డాక్టర్‌కి చెప్పాలి.

ప్రిక్ టెస్టుతో ప్రాణాపాయం చాలా అరుదు. అయినా ఆ గదిలో అడ్రినలిన్ ఆంప్యూల్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. రియాక్షన్ ముదిరితే తొడ బయటివైపు కండరానికి, పెద్దవాళ్లకైతే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రామ్ బలమున్న మందు అర మిల్లీలీటరు ఇవ్వాలి. "ఎవిల్, స్టెరాయిడ్ ఉన్నాయి" అన్నది దానికి జవాబు కాదు. యాంటీహిస్టమిన్ దురద తగ్గిస్తుంది, పడిపోయే బీపీని నిలబెట్టలేదు. ఆస్తమా అదుపులో లేని రోజున టెస్టు వాయిదా వేయాలి. పెద్ద రియాక్షన్ వచ్చి తగ్గినవాళ్లు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. మాస్ట్ కణాలు అప్పటికే ఖాళీ అయి ఉంటాయి కాబట్టి వెంటనే చేస్తే నెగటివ్ చూపిస్తుంది.

ప్యానెల్‌లో ఏమేం ఉన్నాయన్నది ఇంకో పరీక్ష. మన ఊళ్లకు పనికొచ్చేవి డస్ట్ మైట్లు (రెండు డెర్మటోఫాగోయిడెస్ జాతులతో పాటు, తేమ ప్రాంతాల్లో బ్లోమియా కూడా), బొద్దింక, బూజుల్లో ఆల్టర్నేరియా, ఆస్పర్జిల్లస్, పుప్పొళ్లలో గరిక, సర్కారు తుమ్మ, ముళ్ల తోటకూర, ఆముదం, వయ్యారిభామ. దిగుమతి కిట్లలో బర్చ్, ఆలివ్, తిమోతి గడ్డి వరుసగా కనిపిస్తాయి. బర్చ్ చెట్టు గుంటూరులో ఎక్కడుంది? అక్కడ నెగటివ్ వచ్చినా మీకు ఒరిగేదేమీ లేదు. అమెరికాలోనో యూరప్‌లోనో స్థిరపడినవాళ్లకైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ బర్చ్, ఓక్, రాగ్‌వీడ్ చూడాలి, టెక్సాస్ మధ్య ప్రాంతంలో ఉంటే చలికాలంలో మౌంటెన్ సీడార్ కూడా. రాగ్‌వీడ్ మన వయ్యారిభామకి దగ్గరి చుట్టం. వాటి పుప్పొళ్లలో పోలికలున్నాయి కాబట్టి ఇక్కడ వయ్యారిభామ పడనివాళ్లకు అక్కడ ఆగస్టు, సెప్టెంబర్లలో ముక్కు కారితే ఆశ్చర్యం లేదు.

తిండి విషయంలో సీసా ఎక్స్‌ట్రాక్ట్ కన్నా అసలు పదార్థమే నయం. లాన్సెట్‌ని ముందు రొయ్యలోనో పండులోనో గుచ్చి, తర్వాత చర్మానికి గుచ్చుతారు. పండ్లు, కూరగాయల్లో కొన్ని ప్రోటీన్లు సీసాలో నిలవ ఉంటే చెడిపోతాయి. ఇంటినుంచి పదార్థం తెచ్చుకోమని చెప్పే సెంటర్ పని తెలిసిన సెంటర్.

రక్తపరీక్షకు వద్దాం. దీనికీ చోటుంది. మందులు ఆపలేనివాళ్లు, ఒళ్లంతా ఎగ్జిమా ఉన్నవాళ్లు, గీస్తే పొంగే చర్మం ఉన్నవాళ్లు, గర్భిణులు ఇటే వెళ్లాలి. యాంటీహిస్టమిన్ వేసుకున్నా ఫలితం మారదు. అనుమానమున్న రెండు మూడు పదార్థాలకు విడివిడిగా చేయించుకుంటే ఇది మంచి టెస్టు. లీటరుకు 0.35 కిలోయూనిట్ల దగ్గర గీత గీసి, 100 దాటితే ఆరో క్లాస్ అంటారు. క్లాస్ పెరిగేకొద్దీ నిజంగా అలర్జీ ఉండే అవకాశం పెరుగుతుంది, రియాక్షన్ ఎంత తీవ్రంగా వస్తుందన్నది మాత్రం దాన్నిబట్టి చెప్పలేం.

అడక్కుండానే అరవైయో వందో పదార్థాలకు ఒకేసారి చేసే స్ట్రిప్ ప్యానెళ్ల దగ్గరే గొడవ. బియ్యం, గోధుమ, కందిపప్పు, వేరుశనగ, టమాటా అన్నీ కొద్దికొద్దిగా పాజిటివ్ వచ్చి, "ఇక ఏం తినాలి" అని తల పట్టుకునేలా చేసే రిపోర్టు చాలామంది చూసే ఉంటారు. మొక్కల ప్రోటీన్లకు అతుక్కుని ఉండే ఒకలాంటి చక్కెర గొలుసులకు కొందరిలో ఐజీఈ తయారవుతుంది. పుప్పొడి తగిలిన ఒంటికి అది మామూలే. ఆ ఐజీఈ మొక్క అన్నదాన్నల్లా పట్టుకుంటుంది, తిన్నప్పుడు మాత్రం ఏమీ చేయదు. అలాగే డస్ట్ మైట్, బొద్దింక, రొయ్య ఈ మూడింటిలోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంది. దాంతో మైట్ అలర్జీ ఉన్నవాళ్లకు రొయ్య కూడా పాజిటివ్ రావచ్చు. నిన్న రాత్రి రొయ్యల వేపుడు తిని సుఖంగా నిద్రపోయినవాళ్లు ఆ కాగితం చూసి రొయ్యలు మానక్కర్లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో బెంగళూరు, మైసూరుల్లో పెద్దవాళ్ల మీద జరిగిన యూరోప్రివాల్ అధ్యయనం చూపించింది. రక్తంలో ఏదో ఒక తిండి పదార్థానికి ఐజీఈ ఉన్నవాళ్లు 26.5 శాతం. లక్షణాలు కూడా కలిసి, తిండి అలర్జీ ఉందని అనుకోదగ్గవాళ్లు 1.2 శాతం. అంటే ఏ ఇబ్బందీ లేనివాళ్లను వరుసగా నిలబెట్టి ప్యానెల్ చేసినా నాలుగోవంతు మందికి ఏదో ఒక "అలర్జీ" రాసివ్వొచ్చు.

"టోటల్ ఐజీఈ" ఒక్కటే చేయించి, అంకె వేయి దాటిందని బెంబేలెత్తేవాళ్లూ ఉన్నారు. ఏలిక పాములు, కొంకి పురుగులు, ఫైలేరియా ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. మన ప్రాంతంలో ఇది మరిచిపోకూడని సంగతి. అంకె మామూలుగా ఉన్నంతమాత్రాన అలర్జీ లేదనడానికీ లేదు.

ఐజీజీ ప్యానెల్‌కి మేం ఇచ్చే మార్కులు సున్నా. మనం తరచూ తినేదానికి ఐజీజీ తయారవడం రోగనిరోధక వ్యవస్థ చేసే మామూలు పని. అందులో ఐజీజీ4 రకమైతే ఒళ్లు ఆ పదార్థానికి అలవాటు పడిందనడానికి గుర్తు. పాలు పడని పిల్లలకు కొంచెం కొంచెంగా పాలు అలవాటు చేసే చికిత్సలో పెరిగేది ఇదే. రోజూ పెరుగు, గుడ్డు, గోధుమ తినేవాళ్లకు రిపోర్టులో ఎర్ర రంగు పడేది కూడా సరిగ్గా ఆ మూడింటికే. తిండి అలర్జీని తేల్చడానికి దీన్ని వాడొద్దని యూరప్ అలర్జీ అకాడమీ 2008లో, కెనడా అలర్జీ నిపుణుల సంఘం 2012లో చెప్పాయి. పోయేది డబ్బొక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. ఎదిగే పిల్లలకు పాలు, గుడ్లు, పప్పు మాన్పించడం అంతకన్నా పెద్ద నష్టం. పాలు తాగితే కడుపుబ్బరం అన్నది లాక్టోస్ అరిగించే ఎంజైమ్ తగ్గడం వల్ల కావచ్చు. గోధుమతో విరేచనాలు, రక్తహీనత ఉంటే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) కోసం టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష ఉంది, దాన్ని గోధుమ మానకముందే చేయించుకోవాలి.

ఇక్కడ ఒక వర్గానికి విడిగా చెప్పాలి. ఆరు వారాలకు పైగా దాదాపు రోజూ దద్దుర్లు వచ్చి పోయేవాళ్లే ఈ పెద్ద ప్యానెళ్లకు పరుగెత్తుతుంటారు. వాళ్లలో బయటి పదార్థం కారణం కావడం అరుదు. చాలామందిలో సొంత యాంటీబాడీలే మాస్ట్ కణాలను రెచ్చగొడతాయి. ఏం తిన్నా తినకపోయినా దద్దుర్లు వస్తూనే ఉంటాయి. కాబట్టి నిన్న తిన్న ప్రతిదీ నేరస్తుడిలా కనబడుతుంది. వాళ్లకు ముందు కావలసింది రక్తకణాల లెక్క, ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ, అవసరాన్నిబట్టి టోటల్ ఐజీఈ, థైరాయిడ్ యాంటీబాడీ. మత్తు తక్కువుండే యాంటీహిస్టమిన్‌ని రోజుకొకటి క్రమం తప్పకుండా వాడాలి. చాలకపోతే డాక్టర్ చూస్తూ నాలుగు రెట్ల దాకా పెంచొచ్చని చికిత్సా మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ ప్యానెల్ డబ్బుతో ఎన్నో నెలల మాత్రలు వస్తాయి.

ఏ ఐజీఈ టెస్టుకీ దొరకని బాధలు కూడా ఉన్నాయి. చేప తిన్న గంటలోపే మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వచ్చి, అదే చేప తిన్న ఇంకో ఇద్దరికీ అలాగే అయిందంటే అది అలర్జీ కాకపోవచ్చు. కానాగంతలు, సూర (ట్యూనా) లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. పట్టిన వెంటనే ఐస్‌లో వేయకపోతే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఎంత మరిగించినా, ఎంత కారం వేసినా ఆ హిస్టమిన్ పోదు. వీళ్లకు ప్రిక్ టెస్ట్ నెగటివ్ వస్తుంది, తాజా చేప తింటే ఏమీ కాదు. వంకాయ దురద కూడా ఇలాంటిదే. వంకాయలోనే సహజంగా హిస్టమిన్ ఉంటుంది. దురద ఉందని చెప్పేవాళ్లతో పోలిస్తే ఐజీఈ నిజంగా దొరికేవాళ్లు బాగా తక్కువని మైసూరు పరిశోధకులు తేల్చారు.

పొలం గట్ల మీద వయ్యారిభామ పీకే రైతులకు మెడ, మొహం, మోచేతి మడతల్లో చర్మం మందంగా నల్లబడి దురద పెడుతుంది. దానికి కారణం ఐజీఈ కాదు, టీ కణాలనే (T cells) ఒక రకం తెల్లరక్తకణాలు. దానికి చేయాల్సింది ప్యాచ్ టెస్ట్. వీపుకి పట్టీలు అంటించి 48 గంటలకు తీసి, ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. ఈ మధ్యలో స్నానం, చెమట పట్టే పని కుదరవు. వరి కోతల రోజుల్లో పెట్టుకోకండి.

ఇక పాజిటివ్ వచ్చిన రోజే "వ్యాక్సిన్" సీసా చేతిలో పెట్టే సెంటర్ల గురించి. పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే ఈ చికిత్స మంచిదే. లండన్‌లో లియొనార్డ్ నూన్ 1911లో గడ్డి పుప్పొడితో మొదలుపెట్టింది ఇదే. కనీసం మూడేళ్లు సాగాలి. లక్షణాలకూ టెస్టుకూ పొంతన కుదిరిన ఒకటి రెండింటికి ఇస్తేనే ఫలితం. సీసా మీది చీటీలో ఎన్ని పేర్లున్నాయో చూడండి. బూజు, బొద్దింక ఎక్స్‌ట్రాక్టుల్లో ప్రోటీన్లను కోసే ఎంజైములుంటాయి. వాటిని పుప్పొడితో ఒకే సీసాలో కలిపితే పుప్పొడి బలం పోతుంది. అందుకే విడి సీసాలుండాలి. పది రకాలు కలిపి ఒక్క సీసాగా ఇస్తే కొనకుండా వెనక్కి ఇచ్చేయండి.